పన్నెండు తీగల పాఠాంతరం

(ముందుమాట)

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా దగ్గర గిటారు నేర్చుకున్నది సరిగ్గా పదకొండు నెలలు. పన్నెండో నెలలో ఇంటర్ పరీక్షలొచ్చాయి. ఆ తర్వాత ఎంసెట్, ఆ తర్వాత నాలుగేళ్ల ఇంజనీరింగు, ఆ తర్వాత అమెరికా. మెట్టుగూడలో మా ఇంటి కింది గదికి వచ్చి నేర్చుకున్న పిల్లల్లో చాలామంది కథ ఇదే కనుక నేను పెద్దగా బాధపడలేదు. గోడకి తగిలించిన గిటారుని మళ్లీ దించినవాళ్లను నేను చాలా తక్కువమందినే చూశాను.

ఈమె దించింది. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతుండగా ఒక రోజు ఫోన్ చేసింది. అక్కడ శుక్రవారం అర్ధరాత్రి, ఇక్కడ శనివారం పొద్దున టిఫిన్ వేళ. "మాస్టారూ, ఇప్పుడే ఒక చిన్న హాల్లోంచి బయటికొచ్చాను. కుర్రాళ్లు నలుగురు వాయించారు. మీరు ఎప్పుడూ చెబుతుండే బర్డ్స్ వాళ్ల చప్పుడే. వాళ్లకి ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. వీళ్లకి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. "ఇడ్లీ చల్లారిపోతోందమ్మా, తర్వాత మాట్లాడదాం" అని తప్పించుకున్నాను. ఆమె తప్పించుకోలేదు. ఆ ప్రశ్న పట్టుకుని ఆరేళ్లు తిరిగింది. పాత రికార్డులు వెతికి వింది, చిన్న హాళ్లలో గోడకానుకుని నిలబడి కొత్త బ్యాండ్లను వింది, వాయించేవాళ్లతోనే కాక సౌండు పెట్టేవాళ్లతో, గేటు దగ్గర చేతి మీద ముద్ర వేసేవాళ్లతో కూడా మాట్లాడింది. ఆ తిరుగుడంతా ఇప్పుడు తెలుగులో పుస్తకమైంది.

పీఠిక రాయడానికి పండితుడు కావాలి. నేను రైల్వే లెక్కల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు డెబిట్లూ క్రెడిట్లూ సరిచూసి రిటైరైనవాణ్ణి. ఆ మాటే అంటే, "మీరు బ్రిడ్జి ఊడగొట్టిన కథ చెప్పండి చాలు, మిగతాది నేను రాసుకున్నాను" అంది. కనుక ముందు ఆ కథ.

మా చిన్నతనంలో లాలాగూడ, మెట్టుగూడ అంటే రైల్వే క్వార్టర్లు, వాటిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, శనివారం రాత్రి ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు. మా పక్క క్వార్టర్లో ఇంజన్ డ్రైవరుగారి అబ్బాయి ఉండేవాడు. గిటారు ఎలా పట్టుకోవాలో నాకు మొదట చూపించింది అతనే. ఒక రోజు రేడియో సిలోన్ ఇంగ్లీషు ప్రసారంలో బర్డ్స్ బృందం పాడిన 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' వచ్చింది. గొంతు అందుకోకముందు గిటారు ఒక్కటే మోగుతుంది చూడండి, ఆ కొద్ది క్షణాలకే మా ఇద్దరికీ మతి పోయింది. గిటారుకి గజ్జెలు కట్టినట్టుంది. అది పన్నెండు తీగల వాద్యమని అతను ఎక్కడో చదివి చెప్పాడు.

మా దగ్గరున్నది కలకత్తా సరుకు, ఆరు తీగలది. వీణలు బాగుచేసే ఆయన దగ్గర సన్నటి ఉక్కు తీగలు కొనుక్కొచ్చాను. గిటారు తల మీద ఆరు మరమేకులు దిగగొట్టి, ఉన్న ప్రతి తీగ పక్కనా ఇంకో తీగ బిగించాను. మూడు రోజులు మోగింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను అన్నం తింటున్నాను. గదిలో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. జిగురుతో అతికించిన బ్రిడ్జి ఆ లాగుడుకి తట్టుకోలేక చెక్కపొరతో సహా లేచిపోయింది. కంచం ముందు నుంచి లేవబోతే మా అమ్మ కూర్చోబెట్టింది.

చప్పుడు ఎక్కణ్ణుంచైనా అరువు తెచ్చుకోవచ్చు గాని, దాని లాగుడుని మోసే చెక్క ఇక్కడిదై ఉండాలని ఆ రోజు నాకు తెలియలేదు. ఈ పుస్తకంలో అమ్మాయి చెప్పింది ఆ చెక్క గురించే.

మొదటి అధ్యాయం చప్పుడు సంగతి. ఈ రకం సంగీతాన్ని 'జ్యాంగిల్ పాప్' అంటారు. జ్యాంగిల్ అంటే తాళాల గుత్తి కదిపితే వచ్చే గలగల. గిటారు గొంతుని రాక్ సంగీతంలోలాగా బొంగురు చెయ్యకుండా తేటగా ఉంచి, తీగల్ని ఒక్కసారిగా దంచకుండా ఒక్కొక్కటీ విడివిడిగా మీటి, ఒకదాని మోత తగ్గకముందే ఇంకోటి మోగించాలి. అంతే విద్య. దీని వంశవృక్షాన్ని ఆమె చక్కగా గీసింది. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ మొదటిసారి న్యూయార్కు వెళ్లినప్పుడు రికెన్‌బ్యాకర్ కంపెనీ కొత్తగా చేసిన పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు జార్జ్ హారిసన్ చేతికి వచ్చింది. ఆ ఏడాదే విడుదలైన 'ఎ హార్డ్ డేస్ నైట్' సినిమాలో అది కనిపించింది, వినిపించింది. ఆ సినిమా చూసిన బర్డ్స్ గిటారిస్టు రోజర్ మగ్విన్ అలాంటిదే కొనుక్కున్నాడు. చికాగోలో జానపద సంగీత పాఠశాలలో బ్యాంజో నేర్చుకున్న వేళ్లు అతనివి. బ్యాంజో మీటే పద్ధతిని ఆ గిటారు మీదికి తెచ్చాడు. బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్'కి ఆ మోత తోడై, 1965లో ఆ పాట అటు అమెరికాలోనూ ఇటు బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటేడు బర్డ్స్ చేసిన 'ఎయిట్ మైల్స్ హై' మీద మన రవిశంకర్ సితారు ప్రభావం ఉందని వాళ్లే చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న చేర్పు చెయ్యడానికి మాస్టారుగా నాకు హక్కుందనుకుంటాను. పన్నెండు తీగల గిటారులో ఉన్నవి ఆరు జంటలు. పై రెండు జంటల్లో రెండు తీగలకీ ఒకే శ్రుతి. కింది నాలుగు జంటల్లో ఒక తీగ మామూలు స్థాయి, దాని జోడు తీగ పై స్థాయి. ఇప్పుడు మన తంబురా చూడండి. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. నడిమి రెండూ ఒకే శ్రుతి, చివరిది అదే షడ్జమం కింది స్థాయిలో. ఒకే స్వరాన్ని రెండు తీగలు పలికితే అవి ఎంత కలిపినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఆ తేడాలోంచే మెరుపు పుడుతుంది. తంబురా పక్కన కూర్చుని పెరిగిన చెవికి బర్డ్స్ మోత పరాయిది కాకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

జంట తీగలకి ఒక లోపం కూడా ఉంది. వాటి మీద గమకం పలకడం కష్టం. రెండు తీగల్ని ఒకే కొలతకి లాగడం వేలికి సాధ్యం కాదు. పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ మాండొలిన్‌లోని జంటల్ని తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నది అందుకే. మగ్విన్‌కి మెరుపు కావాలి, తీగలు రెట్టించాడు. శ్రీనివాస్‌కి గమకం కావాలి, తీగలు తగ్గించాడు. ఎవరి సంగీతం అడిగిన చెక్క వాళ్లు చేసుకున్నారు.

రెండో అధ్యాయం మెంఫిస్‌కి వెళ్తుంది. అక్కడి బిగ్ స్టార్ బృందం 1972లో తొలి ఆల్బం తెచ్చినప్పుడు పత్రికలు పొగిడాయి. పంపిణీ సరిగా లేక రికార్డు దుకాణాలకే చేరలేదు. ఆనాడు గిటారంటే పది నిమిషాల సోలో. వీళ్లు మూడు నిమిషాల పాటలు, జంట గొంతులు, తేట తీగలు పట్టుకు కూర్చున్నారు. 1974లో రెండో ఆల్బం వచ్చింది, దానికీ అదే గతి. బృందం చెదిరిపోయింది. దాన్ని నిలబెట్టిన ఇద్దరిలో ఒకడైన క్రిస్ బెల్ 1978లో కారు ప్రమాదంలో చనిపోయాడు, ఇరవై ఏడేళ్లకి. రెండోవాడు అలెక్స్ చిల్టన్ తర్వాత కొంతకాలం న్యూ ఆర్లియన్స్‌లో హోటలు గిన్నెలు కడిగాడు. అతను అలా బతుకుతున్న రోజుల్లోనే ఊరూరా కుర్రాళ్లు ఆ రెండు రికార్డుల్నీ చేతులు మారుస్తూ వింటున్నారు. 1986లో బ్యాంగిల్స్ అమ్మాయిలు బిగ్ స్టార్ పాటొకటి మళ్లీ పాడారు. 1987లో రీప్లేస్‌మెంట్స్ బృందం ఏకంగా 'అలెక్స్ చిల్టన్' అన్న పేరుతోనే పాట కట్టింది.

పుస్తకానికి గుండెకాయ మూడో అధ్యాయం. అది ఏథెన్స్ గురించి, ఆమె అక్కడే ఉండి చూసింది కనుక ప్రతి వాక్యానికీ ఆ ఊరి దుమ్ము అంటుకుని ఉంది. అట్లాంటా నుంచి ఏథెన్స్ నూటపది కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ ఇంచుమించు. పెద్ద విశ్వవిద్యాలయం, దానిలో చిత్రకళా విభాగం. డెబ్భైల చివర అక్కడ పాత పెద్ద ఇళ్లు చవగ్గా అద్దెకి దొరికేవి. రికార్డు కంపెనీ ఒక్కటి లేదు. సంగీతం చదువుకోనివాళ్లు, బొమ్మలేసుకునే పిల్లలు బ్యాండ్లు కట్టారు. బి-52స్ బృందం 1977లో వాలెంటైన్స్ రోజున ఒక ఇంటి పార్టీలో మొదటిసారి వాయించింది. పైలాన్ అన్న బృందంలో డ్రమ్స్ వాయించిన కర్టిస్ క్రో మేడ మీద గదిలో పార్టీలు పెట్టేవాడు. గదిలో వేలాడే బల్బు నలభై వాట్లది. ఆ గదికి 40 వాట్ క్లబ్ అని పేరొచ్చింది. చాలాసార్లు చోటు మారినా ఆ పేరు మారలేదు, ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆర్.ఇ.ఎం. బృందం కథ కూడా అలాంటి గదిలోనే మొదలైంది. వక్స్‌ట్రీ అనే రికార్డు దుకాణంలో పీటర్ బక్ గుమాస్తా. మైకేల్ స్టైప్ అక్కడికి రికార్డులు కొనడానికి వచ్చే విద్యార్థి. ఇద్దరి బుట్టలోనూ ఒకే రకం రికార్డులు పడుతుండేవి. ప్రార్థనలు ఆగిపోయిన ఓ పాత చర్చిలో కాపురం, అక్కడే సాధన. 1980 ఏప్రిల్ 5న స్నేహితురాలి పుట్టినరోజుకి ఆ చర్చిలోనే మొదటి కచేరీ. పేరు కూడా ఇంకా స్థిరపడలేదు. చర్చి తర్వాత నేలమట్టమైంది. గోపురం మాత్రం మిగిలింది. దాని దగ్గర నిలబడి తీసుకున్న ఫొటో ఒకటి అమ్మాయి నాకు పంపింది. ఇటుకల గోపురం చుట్టూ మామూలు ఎండ. మన ఊళ్లలో గుడి పోయి ధ్వజస్తంభం మిగిలినట్టుంది.

ఈ అధ్యాయంలో ఆమె కనిపెట్టిన సంగతి ఒకటి నాకు బాగా నచ్చింది. పీటర్ బక్ వాడిన రికెన్‌బ్యాకర్ ఎక్కువగా ఆరు తీగలదే. అయినా పత్రికల వాళ్లు అతన్ని బర్డ్స్ వారసుడన్నారు. మోత తీగల లెక్కలో లేదు, మీటడంలో ఉంది. ఇది చదివి నా మరమేకులు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

1982లో వచ్చిన వాళ్ల చిన్న రికార్డు 'క్రానిక్ టౌన్' తయారైంది మిచ్ ఈస్టర్ అనే ఆయన తన తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో పెట్టుకున్న స్టూడియోలో. మరుసటేడు పూర్తి ఆల్బం వేళకి కంపెనీ ఇంకో ప్రొడ్యూసర్ని పెట్టి చూసింది. ఆయన డ్రమ్స్ పదేపదే కొట్టించి, పాట మీద సింథసైజర్ పూత పూశాడు. అప్పటి మోజు అది. కుర్రాళ్లు వద్దన్నారు. మళ్లీ ఈస్టర్ దగ్గరికే, ఆయన మిత్రుడు డాన్ డిక్సన్ దగ్గరికే వెళ్లారు. అలా వచ్చిన 'మర్మర్'ని రోలింగ్ స్టోన్ పత్రిక 1983కి మేటి ఆల్బంగా ఎంచింది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' లోకాన్ని ఏలుతున్న ఏడాది సుమా అది. 1987లో అదే పత్రిక ఆర్.ఇ.ఎం.ని అమెరికాలో ఉత్తమ బృందం అంటే, డ్రమ్మర్ బిల్ బెర్రీ ఆ మాట మాకు కాదు, పైలాన్‌కి చెల్లుతుందన్నాడు. ఊరివాడు ఊరివాణ్ణి మరిచిపోకపోవడం ఇది. ఇంకోటి: పాట ఎవరు మొదలుపెట్టినా ఆర్.ఇ.ఎం.లోని నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు, వచ్చిన డబ్బు సమానంగా పంచుకున్నారు. లెక్కల ఆఫీసు మనిషిగా చెబుతున్నాను, అన్ని ఏళ్లు వాళ్లు విడిపోకపోవడానికి సగం కారణం ఆ పద్దే.

తరవాతి తరం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. లూసియానాలోని రస్టన్ అనే చిన్న ఊళ్లో హైస్కూలు స్నేహితులు నలుగురు క్యాసెట్ మీద నాలుగు ట్రాకుల యంత్రంతో పాటలు రికార్డు చేసి ఒకరికొకరు ఇచ్చుకునేవారు. వాళ్ల చెవుల్లో ఉన్నది బీచ్ బాయ్స్, బీటిల్స్. పెద్దయ్యాక కొందరు ఏథెన్స్ చేరారు. వాళ్ల ముఠా పేరు ఎలిఫెంట్ 6. ఒలీవియా ట్రెమర్ కంట్రోల్, న్యూట్రల్ మిల్క్ హోటల్ ఆ కొమ్మలే. అరవైల నాటి పాట పద్ధతిని తీసుకుని, ఖరీదైన స్టూడియో లేక క్యాసెట్ గరగరతోనే కొత్త రంగు తెచ్చారు. ఆ నలుగురిలో రాబర్ట్ ష్నైడర్ తర్వాత ఎమరీ విశ్వవిద్యాలయంలో గణితంలో పీహెచ్‌డీ చేశాడు. గిటారు పట్టుకుంటే లెక్కలు రావని భయపడే తల్లిదండ్రులు ఈ పేజీని విడిగా చదువుకోగలరు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో, న్యూజీలండ్‌లోని డునీడిన్ గురించిన అధ్యాయాలు చిన్నవి, చాలు కూడా. డునీడిన్ కూడా విశ్వవిద్యాలయం ఊరే, లోకానికి దక్షిణపు అంచు. ఫ్లయింగ్ నన్ కంపెనీ 1982లో నాలుగు బృందాల్ని కలిపి తెచ్చిన రికార్డుకి 'డునీడిన్ డబుల్' అని ఊరి పేరే పెట్టింది. క్రిస్ నాక్స్ దగ్గరున్న నాలుగు ట్రాకుల యంత్రమే ఆ ఊరికి స్టూడియో. గ్లాస్గోలో ఆలన్ హార్న్ తన ఫ్లాట్ నుంచే పోస్ట్‌కార్డ్ కంపెనీ నడిపాడు. ఎక్కడ చూసినా సరుకుల జాబితా ఒక్కటే: ఒక చవక గది, ఒక రికార్డు దుకాణం, విద్యార్థులు నడిపే ఒక రేడియో, వాయించేవాళ్లను ఎరిగిన యాభైమంది వినేవాళ్లు.

చివరి భాగం ఇప్పటివాళ్ల గురించి. టొరంటో ఆల్వేజ్, ఆక్లండ్ బెత్స్, మెల్‌బోర్న్ రోలింగ్ బ్లాకౌట్స్ కోస్టల్ ఫీవర్, శాన్‌ఫ్రాన్సిస్కో రెడ్స్ పింక్స్ అండ్ పర్పుల్స్, న్యూయార్కు లాంగ్ ఐలండ్ అన్నదమ్ములు లెమన్ ట్విగ్స్. నా మనవడి ఫోనులో ఇవన్నీ విన్నాను. కళ్లు మూసుకుంటే నాకు పదహారేళ్లు. కళ్లు తెరిస్తే వాయిస్తున్నవాళ్లు మా మనవడి ఈడువాళ్లు.

ఇక అసలు విమర్శ దగ్గరికి వద్దాం. ఇదంతా పాత చింతకాయ పచ్చడే కదా, తాతలు మీటిన తీగల్నే మనవలు మీటితే కొత్తదనం ఏముందని అడిగేవాళ్లున్నారు. చింతకాయ పచ్చడి పెట్టే ఇల్లాలిని అడిగితే చెబుతుంది. ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీలో దాచింది తొక్కు మాత్రమే. తినాలనుకున్న రోజు కావలసినంత తీసి, ఆనాటి మిరపకాయలతో నూరి, ఆనాటి పోపు పెట్టాలి. జాడీ పాతది, పోపు ఇవాళ్టిది. జాడీలో తొక్కుని అలాగే విస్తట్లో వేస్తే ఎవరూ తినరు. పాత పాటని మక్కీకి మక్కీ దింపేవాళ్లు చేసేది ఆ పనే.

అమ్మాయి దీనికి మన సంగీతంలోని మాటే వాడింది: పాఠాంతరం. ఒకే కృతి ఒక్కో గురుపరంపరలో ఒక్కో సంగతితో నిలుస్తుంది. శిష్యుడు మొదట గురువుగారి సంగతులన్నీ ఉన్నవున్నట్టు పట్టాలి. పట్టినవాడికే తనదైన సంగతి ఒకటి వేసే చనువు వస్తుంది. దాన్ని ఎవరూ దొంగతనమనరు. బర్డ్స్ నుంచి బిగ్ స్టార్, బిగ్ స్టార్ నుంచి ఆర్.ఇ.ఎం., అక్కణ్ణుంచి నేటి పిల్లలు, ఇది పాఠాంతరాల వరస. కాకపోతే అక్కడ గురువు ఎదురుగా లేడు, రికార్డులో ఉన్నాడు. తప్పు మీటితే తొడ మీద తట్టి సరిచేసేవాడు లేడు. ఆ దిద్దే పని ఊరు చేస్తుంది. వారం వారం అదే హాలుకి వచ్చే ఆ యాభైమంది, 'పోయిన వారం కంటే బాగుంది' అనో, 'ఇది ఫలానా పాటే కదా' అనో మొహం మీద చెప్పేవాళ్లు. నా గిటారుకి లేకపోయిన చెక్క వాళ్లే. ఇంత సూటిగా ఈ మాట చెప్పినవాళ్లను నేను ఇంగ్లీషులోనూ చదవలేదు.

మెచ్చుకోలు రాసే పెద్దవాడు ఒక్క తప్పయినా పట్టకపోతే చదవకుండా రాశాడంటారు. నాకు రెండు పేచీలున్నాయి.

మొదటిది, బిగ్ స్టార్ అధ్యాయంలో అమ్మాయి ఓటమికి హారతి పట్టింది. రికార్డులు అమ్ముడుపోకపోవడమే వాళ్ల గొప్పతనమన్నట్టు రాసింది. ఆకలి ఎవరి పాటనీ మెరుగుపరచదమ్మా. చిల్టన్ కడిగిన గిన్నెలు పాటలో ఎక్కడా మోగవు. కళాకారుడు కష్టపడితేనే కళ అనేది కూర్చుని వినేవాళ్ల మాట. దీనికి విరుగుడు నీ పుస్తకంలోనే ఉంది. ఏథెన్స్‌లో నూచీస్ స్పేస్ అనే చోటు గురించి నాలుగే పేజీలు రాశావు. 1996లో కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి, సంగీతకారుడైన ఆ అబ్బాయి జ్ఞాపకంగా 2000లో తెరిచిన చోటది. బ్యాండ్లకి సాధన గదులు చవగ్గా ఇస్తారు, మనసు బాగోలేని వాయిద్యకారుల్ని మంచి వైద్యుల దగ్గరికి చేరుస్తారు. ఆ నాలుగు పేజీలు నలభై కావలసింది. రెండో ముద్రణలో పెంచు.

రెండో పేచీ చివరి మాటలో ఉంది. హైదరాబాదులో ఇలాంటి ఊరి సంగీతం ఎప్పుడూ లేదని రాసింది. ఉండేది. సిమ్లా బీట్ పేరుతో బొంబాయిలో జరిగిన పోటీలకి దేశం నలుమూలల నుంచీ గిటారు బృందాలు వెళ్లేవి. 1970, 71లలో వాటి పాటలతో రెండు ఎల్పీలు కూడా వచ్చాయి. మా లాలాగూడ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి శనివారం ఉండేది. శ్రీరామనవమి పందిట్లో, వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా పార్టీలు ఉండేవి. వీధివాళ్ల చందా, అద్దె మైకు, కింద చాపలు, ముందు వరసలో పిల్లలు. గిటారు వాయించిన కుర్రాడు ఫలానా వారి రెండోవాడని అందరికీ తెలుసు. మేము వాయించింది మాత్రం ఇతరుల పాటలే, సినిమా పాటో ఇంగ్లీషు పాటో. అప్పట్లో మాకు చెక్క ఉండేది, సొంత తీగ లేదు. ఇప్పటి పిల్లలకి సొంత తీగ ఉంది, పడగ్గదిలో కూర్చుని తెలుగులో పాటలు కట్టి ఫోనులో పెడుతున్నారు. చెక్కే లేదు. వాయిద్యాలు మోగిస్తే ఫ్లాటువాళ్లు ఊరుకోరు. హాలు అద్దె వాళ్ల తాహతుకి మించింది. హోటల్లో వాయించబోతే తెలిసిన పాటలే కావాలంటారు.

ఏథెన్స్‌లో కూడా ఇదంతా నల్లేరు మీద నడకేమీ కాదని పుస్తకమే చెబుతోంది. 2009లో అక్కడి జార్జియా థియేటర్ కాలిపోయింది. రెండేళ్లలో మళ్లీ కట్టుకున్నారు. ఆర్.ఇ.ఎం. 2011లో విడిపోయింది. అయినా 2025 ఫిబ్రవరిలో నటుడు మైకేల్ షానన్, గిటారిస్టు జేసన్ నార్డూసీ ఆ బృందం పాత పాటలు వాయిస్తూ 40 వాట్‌కి వచ్చినప్పుడు, నలుగురు పెద్దమనుషులూ వేదికెక్కి వాళ్లతో కలిసి ఒక పాట వాయించి దిగారు. తమ పాట ఇంకొకరు వాయిస్తుంటే వినడానికి ఊళ్లో ఒక హాలు మిగిలి ఉంది గనుక అది సాధ్యమైంది.

అమ్మాయి భాష గురించి ఒక్క మాట. ఫజ్, రివర్బ్, కంప్రెషన్ లాంటివి మన మాటల్లో చెప్పడం తేలిక కాదు. ఆమె వాటికి సంస్కృతంలో నోరు తిరగని మాటలు పుట్టించలేదు. గిటారు కుర్రాళ్లు అనే మాటనే ఉంచి, అది చెవికి ఎలా తగులుతుందో చెప్పింది. కంప్రెషన్ అంటే గట్టి చప్పుడుని కిందికి నొక్కి, మెల్లటి చప్పుడుని పైకి లేపి, మోతని చివరిదాకా ఒకే ఎత్తున నిలపడం అని చదివినప్పుడు, యాభై ఏళ్లుగా విన్న ఆ మగ్విన్ మోత ఎందుకంత సేపు నిలుస్తుందో నాకు మొదటిసారి తెలిసింది. శిష్యురాలి దగ్గర నేర్చుకోవడంలో నామోషీ లేదు.

అమ్మా, నువ్వు ఆ రోజు అడిగిన ప్రశ్నకి జవాబు నువ్వే చెప్పావు. నా ఇడ్లీ చల్లారినా పర్వాలేదు. ఇలాంటివి ఇంకా రాయి. గిటారు మాత్రం మళ్లీ గోడకి తగిలించకు.

ఈ పుస్తకం చదివి ఎవరికైనా వాయించాలనిపిస్తే ఒక విన్నపం. మెట్టుగూడలో మా కింది గది మోకాళ్ల నొప్పులొచ్చి నేను పాఠాలు మానేసినప్పటి నుంచి ఖాళీగానే ఉంది. పదిహేనుమంది పడతారు, సర్దుకుంటే ఇరవై. ఆదివారం సాయంత్రం అయిదు నుంచి తీసే ఉంచుతాను. అద్దె అక్కర్లేదు. షరతులు రెండే. వాయించేది సొంత పాటై ఉండాలి. పక్కింట్లో చంటిపిల్ల ఉంది కనుక తొమ్మిదింటికి ఆపెయ్యాలి.

మెట్టుగూడ, సికింద్రాబాదు